నెలకి ఎనిమిది వేలల్ల ఐదుగురికి బలమైన తిండి, సరుకులు ఎట్ల కొనాలె?

అనిత_ఉప్పల్:
అందరికీ నమస్తే. మేం ఉప్పల్ ల ఉంటం, ఇంట్ల ఐదుగురం, నేను మా ఆయన ఇద్దరు పిల్లలు (9, 5) మా అత్తమ్మ. అత్తమ్మకి షుగర్ ఉన్నది. మొన్న చిన్నదానికి రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తక్కువ ఉన్నదని డాక్టర్ సిరప్ రాసిండు, మంచి తిండి పెట్టమన్నడు. మంచి తిండి అంటే ఏందని అడిగితే డ్రై ఫ్రూట్స్, పండ్లు, పాలు అన్నడు. సరుకులకు నాకు వచ్చేది ఎనిమిది వేలు, అంతకు మించి లేదు. ఇప్పుడు నేను కొనేది చెప్తా, ఎక్కడ మార్చాల్నో మీరే చెప్పండి. సన్న బియ్యం 26 కిలోల బస్తా 1500, సన్‌ఫ్లవర్ నూనె ఐదు ప్యాకెట్లు 750 దాక, కందిపప్పు రెండు కిలోలు 250, పాలు రోజుకి అర లీటరు అంటే నెలకి 900, చక్కెర చాయపత్తి కలిపి 430, పిల్లలకి బిస్కెట్లు చిప్స్ నూడుల్స్ లాంటివి 900 అయితయ్, పాలల్ల కలిపే పౌడర్ డబ్బా 450, కూరగాయలు ఇంటి ముందుకొచ్చే బండి మీద 1600, ఆదివారం కిలో చికెన్ అంటే నెలకి 960 దాక. మిగిలింది చింతపండు, అల్లం వెల్లుల్లి, ఉప్పు కారానికే సరిపోతది. ఇండ్ల డ్రై ఫ్రూట్స్ ఎక్కడ పెట్టాలె?

వనజ_హన్మకొండ:
అనితా, మీకు రేషన్ కార్డు ఉన్నదా? 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణల కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఉచితంగ ఇస్తున్నరు కదా, ఐదుగురికి 30 కిలోలు అయితది. మరి బస్తా ఎందుకు కొంటున్నరు?

అనిత_ఉప్పల్:
కార్డు ఉన్నది అక్కా, తెస్తున్నం గూడ. కానీ అన్నం మెత్తగ ముద్ద అయితున్నదని మా ఆయన తినడు, అత్తమ్మ అటుకులు పట్టిస్తది, కొంత ఇడ్లీ దోసెకు పోతది, మిగిలింది పక్కింటోళ్లకు ఇస్తున్నం.

వనజ_హన్మకొండ:
అవి కొత్త బియ్యం తల్లీ, అందుకే ముద్ద అయితది. కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ పడతయ్. కుక్కర్ల కాదు, గిన్నెల ఎసరు పెట్టి గంజి వార్చి చూడండి, పొడిపొడిగ వస్తది. నేను ఈ నెల తెచ్చినయి పక్కకు పెట్టి రెండు మూడు నెలల కిందటివి వండుత, డబ్బాల వేపాకు వేసి మూత గట్టిగ పెడితే పురుగు పట్టది. ఆ గంజి పారబోయకండి, ఉప్పు వేసి పిల్లలకి తాపియ్యొచ్చు. బియ్యం మీద 1500 మిగిలితే మీ సమస్య సగం తీరినట్టే.

బెజవాడ_బాబాయ్:
ఇంకో మాట. రేషన్ బియ్యంలో కొన్ని గింజలు కొంచెం వేరే రంగులో కనపడితే ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేస్తారు చాలామంది. అవి ప్లాస్టిక్ కాదండి, ఫోర్టిఫైడ్ గింజలు, వంద గింజలకి ఒకటి చొప్పున కలుపుతారు, వాటిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 ఉంటాయి. మీ పాపకి కావల్సిందే అది. వస్తే ఏరకండి.

రమ్య_పోషణ:
నేను సైఫాబాద్ హోం సైన్స్ కాలేజీలో చదివాను, అంగన్‌వాడీ ట్రైనింగుల్లో పనిచేశాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. అనితగారి లిస్టులో నాకు అన్నిటికంటే ముందు కనపడింది కందిపప్పు. ఐదుగురికి నెలకి రెండు కిలోలు అంటే మనిషికి రోజుకి 13 గ్రాములు, పిడికెడు కూడా కాదు, చారులో తేలే పప్పు అది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి పప్పులు, గుడ్లు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు ఉండాలన్నారు, కూరగాయలు ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100, ధాన్యాలు 250. అంటే కంచంలో అన్నం మనం వేసుకునే దానికంటే తగ్గాలి, పప్పు ఇప్పుడున్న దానికంటే చాలా ఎక్కువ ఉండాలి. మన ఇళ్లలో డబ్బు లేక తగ్గేది ముందు పప్పే, అన్నం మాత్రం తగ్గదు. డ్రై ఫ్రూట్స్ గురించి అసలు బెంగ పెట్టుకోకండి. బాదం కిలో డబ్బులతో ఐదారు కిలోల వేరుశనగలు వస్తాయి, ప్రోటీన్ వేరుశనగలో తక్కువేం కాదు, వందకి పాతిక గ్రాములు.

సురేష్_మల్కాజిగిరి:
రమ్యగారు చెప్పింది కరెక్ట్. నేను కిరాణా కొట్లో పనిచేస్తా కాబట్టి రేట్లు రోజూ చూస్తా, ఈ మధ్య మా దగ్గర రేట్ల ప్రకారం పది రూపాయలకి ఎంత ప్రోటీన్ వస్తదో లెక్క వేశాను చూడండి. మీల్‌మేకర్ లూజుగా కిలో 120 అనుకుంటే పది రూపాయలకి 40 గ్రాముల పైన వస్తది, దాన్ని కొట్టేది లేదు. తర్వాత నల్ల శనగలు, కిలో 80 చొప్పున 25 గ్రాములు. ఉలవలు కూడా అంతకు దగ్గర్లోనే. పెసలు 20, వేరుశనగలు 19, కందిపప్పు 18. గుడ్డు ఆరున్నర అనుకుంటే పది రూపాయలకి 9 గ్రాములు. ఎముకతో కలిపి కొట్టించిన చికెన్ ఆరు గ్రాములు, పాలు ఐదు. రేట్లు అటూ ఇటూ అయినా ఈ వరస పెద్దగా మారదు. అట్లని చికెన్, పాలు మానమని కాదు, పాలల్లో కాల్షియం ఉంటది, కానీ డబ్బులు కటకటగా ఉన్నప్పుడు ముందు శనగలు, పెసలు, ఉలవలు సంచిలో పడాలె, తర్వాతే మిగతాయి.

జొన్నరొట్టె_అనంతపురం:
ఉలవలు అన్నారు కదా, సంతోషం. మా పక్క ఉలవలు పేదోళ్ల తిండి అని చిన్నచూపు చూసేవాళ్లు, ఇప్పుడు పెళ్లిళ్లలో ఉలవచారు స్పెషల్ ఐటెం. గుగ్గిళ్లు చేసేటప్పుడు ఉడికించిన నీళ్లు వంపేస్తారు కదా, ఆ నీళ్లే చారు. గుగ్గిళ్లకి ఎండుమిర్చి, కొబ్బరి తురుము వేసి పోపు పెడితే సాయంత్రం పిల్లలకి చిప్స్ బదులు అదే. ఒక పూట ఉలవలు నానబోస్తే మీకు చారూ వచ్చె, చిరుతిండీ వచ్చె. కానీ ఒక్క మాట, రాత్రంతా నానాలి, లేకపోతే గ్యాస్ ఎంత కాలినా ఉడకవు.

ఆర్గానిక్_కిరణ్:
ఫ్రెండ్స్ ఇవన్నీ సరే కానీ మందులు కొట్టిన పప్పులు, ఫారం గుడ్లు తింటే ఆరోగ్యం ఎలా వస్తుంది? గానుగ నూనె, నాటు కోడి గుడ్లు, ఆర్గానిక్ బెల్లం, చిరుధాన్యాలు వాడాలి. కొంచెం ఖర్చైనా హాస్పిటల్ ఖర్చు తగ్గుతుంది.

వనజ_హన్మకొండ:
తమ్మీ, గానుగ నూనె లీటరుకి ఎంతనో నీకు తెలుసు. ఎనిమిది వేలల్ల ఐదుగురు బతికే ఇల్లు అది. నాటు గుడ్డు ఒకటి కొనే పైసలకు ఫారం గుడ్లు రెండు వస్తయ్, ఆ బిడ్డకు ఇప్పుడు రెండు గుడ్లే కావాలె.

రమ్య_పోషణ:
కిరణ్‌గారూ మీ ఉద్దేశం మంచిదే, కానీ నాటు గుడ్డుకీ ఫారం గుడ్డుకీ ప్రోటీన్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు, రెండిట్లో ఆరు గ్రాముల చిల్లరే. చిరుధాన్యాల్లో కూడా కొర్రలు, సామలు అంటే పాలిష్ పట్టి ప్యాకెట్లో పెట్టి బియ్యానికి రెండింతలు మూడింతలు అమ్ముతున్నారు, అవి అక్కర్లేదు. రాగులు, జొన్నలు చాలు. కిలో 50, 60లో దొరుకుతాయి. వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, అదే పాలల్లో అయితే 120. పాలు అర లీటరే కొనగలిగే ఇంటికి రాగులు పెద్ద ఆసరా. గింజలు కొని కడిగి ఎండబెట్టి మర పట్టించుకోండి, పిండి ప్యాకెట్ కంటే సగం ధర. అత్తమ్మగారికి మాత్రం రాగి జావ తాగించొద్దు, పల్చటి జావ షుగర్‌ని త్వరగా పెంచుతుంది. ఆవిడకి రాత్రిపూట జొన్నరొట్టె, ఆకుకూర పప్పు పెట్టండి.

అనిత_ఉప్పల్:
రొట్టెలు అత్తమ్మకు మంచిగ వచ్చు, జొన్నలు కొనుడే బంద్ అయింది. మరి పాలల్ల పౌడర్ డబ్బా బంద్ చేస్తే పిల్లలు పాలు తాగరు. అది ఆరోగ్యానికే కదా, టీవీల గూడ అట్లనే చూపిస్తరు.

సురేష్_మల్కాజిగిరి:
అక్కా డబ్బా తిప్పి వెనక చూడండి, షుగర్ ఎంతనో రాసి ఉంటది. 2024 ఏప్రిల్‌ల కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ అమ్మేటోళ్లకు ఈ పౌడర్లను హెల్త్ డ్రింక్ అనే కేటగిరీల పెట్టొద్దని చెప్పింది, ఎందుకంటే చట్టంల హెల్త్ డ్రింక్ అన్నదానికి అర్థమే లేదు. ఆ 450కి రెండు ట్రేల గుడ్లు వస్తయ్, అంటే 60 గుడ్లు, ఇద్దరు పిల్లలకి నెలంతా రోజుకొకటి. ట్రే రేటు హోల్‌సేల్ షాపుల అడగండి, గల్లీ కిరాణంల విడిగ కొంటే గుడ్డుకి రూపాయి దాక ఎక్కువ పడతది. గుడ్ల రేటు రోజూ ఎన్‌ఈసీసీ, అంటే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ చెప్తది, వంద గుడ్లకి ఇంతని పేపర్ల వస్తది, అది చూసుకొని పోతే షాపాయన ఎక్కువ చెప్పినా దొరికిపోతడు.

రమ్య_పోషణ:
పాలల్లో ఏదో ఒక రుచి కావాలంటే వేయించిన రాగి పిండి, వేరుశనగలు, కొంచెం బెల్లం, యాలకులు కలిపి పొడి కొట్టి సీసాలో పెట్టుకోండి. మొదటి వారం పాత పౌడర్‌లో సగం సగం కలపండి, తర్వాత తగ్గించుకుంటూ రండి. ఇక పాప రక్తం సంగతి. డాక్టర్ ఇచ్చిన సిరప్ ఆపకండి, తిండి దానికి తోడు మాత్రమే. బెల్లం, బీట్‌రూట్, ఖర్జూరం తింటే రక్తం పడుతుందని అంటారు కానీ వాటిలో ఐరన్ కొంచెమే. మీరు మాంసం తింటారు కాబట్టి చికెన్ షాపులో కార్జం అడగండి. మామూలు చికెన్ కంటే చవక, వంద గ్రాముల్లో 9 మిల్లీగ్రాముల దాకా ఐరన్ ఉంటుంది, పైగా మాంసంలోని ఐరన్ ఆకుకూరల్లో దానికంటే బాగా ఒంటికి పడుతుంది. వారానికి ఒకసారి, పిల్లలకి రెండు మూడు ముక్కలు చాలు, ఎక్కువ వద్దు, దాంట్లో విటమిన్ ఏ కూడా ఎక్కువే. ఆకుకూర, శనగలు పెట్టిన పూట నిమ్మకాయ పిండండి, లేకపోతే జామకాయ ముక్క ఇవ్వండి, విటమిన్ సి ఉంటే ఆ ఐరన్ ఇంకా బాగా ఒంట పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ పోయడం పిల్లలకీ పెద్దలకీ ఆపాలి. స్కూల్లో, అంగన్‌వాడీలో ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగుల మాత్ర ఇస్తారు, అది వేయించారా లేదా కనుక్కోండి, పురుగులుంటే ఎంత పెట్టినా వృథా.

బెజవాడ_బాబాయ్:
ఇక్కడ చాలామంది కూరగాయల సంగతి వదిలేశారు. ఇంటి ముందు బండి మీద 1600 అంటే అదే డబ్బుకి రైతుబజార్లో సంచి నిండి ఇంకా మిగులుతుంది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైనప్పటి నుంచీ నేను రైతుబజార్ తప్ప వేరే చోట కొనలేదు. లోపలికి వెళ్లగానే ముందు బోర్డు చూడాలి, ఆ రోజు రేట్లు అక్కడ రాస్తారు, ఫోన్లో ఫోటో తీసుకోండి. బోర్డు మీద వంకాయ 28 ఉండి స్టాల్‌లో 40 చెప్తే బోర్డు చూపించండి, చాలావరకు అక్కడే దారికొస్తారు. పొద్దున ఏడు ఎనిమిదింటికి వెళితే సరుకు తాజాగా ఉంటుంది, చివర్లో వెళితే చవగ్గా ఉంటుంది కానీ ఆకుకూర వాడిపోయి ఉంటుంది. నేనైతే ఆకుకూరకి పొద్దున్నే వెళ్లమంటా. దుంపలు, సొర, గుమ్మడి, దోస లాంటివి ఎప్పుడు కొన్నా పాడవ్వవు. రైతే స్వయంగా కూర్చున్న స్టాల్ ఏదో, మారు బేరగాడు ఎవడో రెండు మూడు వారాల్లో మీకే తెలిసిపోతుంది. రైతు దగ్గర రెండు మూడు రకాలే ఉంటాయి, ఆయన పొలంలో పండినవి. అన్ని రకాలూ పేర్చుకుని కూర్చున్నవాడు ఎక్కడో కొనుక్కొచ్చినవాడే.

వనజ_హన్మకొండ:
వారం అంగడి గూడ ఉంటది కదా హైదరాబాద్‌ల ప్రతి కాలనీ దగ్గర. రాత్రి ఎనిమిది దాటినంక పోతే కుప్పలు పోసి కుప్ప 20 అని ఇచ్చేస్తరు. టమాటలు కొంచెం పండినయి ఉంటే తెచ్చి ఆ రాత్రికే ఉడకబెట్టి గుజ్జు చేసి ఫ్రిజ్‌ల పెట్టుకో, వారం వస్తది. 2023 జూలైల టమాట కిలో 150 దాటినప్పుడు మేం చింతపండుతోనే ఎల్లదీసినం, పప్పుల చుక్కకూర వేసి. ఏ కూర రేటు పెరిగితే దాన్ని ఆ నెల మరిచిపోవాలె. బీన్స్, క్యారెట్, కాలిఫ్లవర్ లేకుంటే ఆరోగ్యం ఏం పోదు. సీజన్ల ఏది కుప్పలు పోసి అమ్ముతున్నరో అదే కొనాలె.

జొన్నరొట్టె_అనంతపురం:
ఆకుకూరలు రోజూ ఒక కట్ట అయినా పడాల. తోటకూర, పాలకూర, బచ్చలి, పొన్నగంటి, గోంగూర ఏదైనా. మునగాకు అయితే కొనే పనే లేదు, ఎవరింట్లో చెట్టున్నా అడిగితే ఇస్తారు. పప్పులోకి వేసుకోండి, లేదా నీడన ఎండబెట్టి ఎండుమిర్చి, మినప్పప్పు, చింతపండుతో కారప్పొడి చేసి పెట్టుకోండి, పొద్దున ఇడ్లీలోకి, మొదటి ముద్దలోకి. ముల్లంగి ఆకులు, బీట్‌రూట్ ఆకులు, కాలిఫ్లవర్ ఆకులు కూరగాయల వాళ్లు తుంచి కింద పడేస్తుంటారు, అడిగితే ఊరికే వేస్తారు. ముల్లంగి ఆకు సన్నగా తరిగి పెసరపప్పు చల్లి వేపుడు చేస్తే ముల్లంగి కంటే బాగుంటుంది.

హరి_డాలస్:
నేను ఇక్కడ ఎంఎస్ చేస్తున్నా, నలుగురం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మాక్కూడా ఇదే గొడవ అండి, లెక్క డాలర్లలో ఉంటుంది అంతే. ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు, శనగలు పది పౌండ్ల సంచి తెచ్చి పంచుకుంటాం, అమెరికన్ స్టోర్‌లో ఫ్రోజెన్ పాలకూర, క్యాబేజీ, గుడ్లు, అరటిపళ్లు. తాజా ఆకుకూర ఇక్కడ చాలా ఖరీదు, ఫ్రోజెన్‌లో పోషకాలు పెద్దగా పోవు. ఫ్రోజెన్ పరోటాలు మానేశాక నెల ఖర్చు బాగా తగ్గింది. అమ్మ ఫోన్‌లో చెప్పే పాలకూర పప్పే దిక్కు.

సురేష్_మల్కాజిగిరి:
కొట్టు మనిషిగ రెండు మూడు మాటలు చెప్తా. నూనె ప్యాకెట్ లీటర్ అంటే 910 గ్రాములు ఉండాలె సన్‌ఫ్లవర్ అయితే. ఇప్పుడు 850, 800, 750 గ్రాముల ప్యాకెట్లు గూడ అదే సైజుల వస్తున్నయ్, రేటు తక్కువ ఉన్నదని మోసపోవద్దు. ప్యాకెట్ మీద యూనిట్ సేల్ ప్రైస్ అని చిన్న అక్షరాల్ల గ్రాముకి ఇంత, లీటర్‌కి ఇంత అని వేస్తరు, అది చూసి పోల్చుకోండి. పప్పులు, బియ్యం విడిగ కొంటే జీఎస్టీ లేదు, 2022 జూలై నుంచి పేరు వేసి 25 కిలోల దాక ప్యాక్ చేసినవాటికి 5 శాతం పడింది, మన బియ్యం బస్తాలు 26 కిలోలు అయింది అందుకే. కాబట్టి పప్పులు విడిగ తీసుకోండి, కానీ నూనె మాత్రం ఎంత చవకైనా డ్రమ్ములకెళ్లి లూజుగ పోసేది వద్దు. 1998ల ఢిల్లీల కల్తీ ఆవనూనె తిని చాలామంది చచ్చిపోయిండ్రు. కారం, పసుపు గూడ ఎండుమిర్చి, పసుపు కొమ్ములు కొని పట్టించుకోండి, ఎండాకాలంల ఒక్కసారి పట్టిస్తే ఏడాదంత వస్తది.

రమ్య_పోషణ:
నూనె ఐదు ప్యాకెట్లలో ఒకటి తగ్గించొచ్చు అనితగారూ. నాలుగు లీటర్లు ఐదుగురికి అంటే మనిషికి రోజుకి 24 గ్రాములు పడుతుంది, పోషకాహార సంస్థ చెప్పింది 27, వేరుశనగల్లో ఉన్న నూనె ఎలాగూ ఉంది. ఇప్పుడు అన్నీ కలిపి మీ లెక్క చూద్దాం. బియ్యం 1500, డబ్బా 450, నూనె 150, చిప్స్ నూడుల్స్ 900లో 600 ఆపితే మొత్తం 2700 చేతికొస్తుంది. దాంట్లో గుడ్లు రెండున్నర ట్రేలు 500, కందిపప్పు రెండు కిలోలు అలాగే ఉంచి పైన పెసలు, శనగలు, అలసందలు, ఉలవలు, వేరుశనగలు కలిపి ఏడు కిలోలు తెచ్చుకుంటే 760 దాకా, రాగులు జొన్నలు ఐదు కిలోలు 270, ఆకుకూరలకి అదనంగా 400, పళ్లకి 500. ఇంకా మూడొందలకి దగ్గరగా మిగులుతుంది, అది మీల్‌మేకర్‌కో ఎండు నెత్తళ్లకో. చిన్న చేపలు ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం బాగా వస్తుంది, కాకపోతే ఉప్పు ఎక్కువ, వేడినీళ్లలో రెండుసార్లు కడగాలి. పళ్లంటే యాపిల్ కాదు, జామ, అరటి, బొప్పాయి. సీజన్‌లో రేగుపళ్లు, సీతాఫలం.

వనజ_హన్మకొండ:
మగవాళ్లకు అన్నం పక్కన ఏదో ఒక కొత్త కూర పెడితే ఏందీ గడ్డి అని మొదట అంటరు. మీల్‌మేకర్ వేడినీళ్లల్ల నానబెట్టి గట్టిగ పిండి, అల్లం వెల్లుల్లి, గరం మసాలా వేసి చికెన్ లెక్కనే వండి పెట్టు. పిండకపోతే వాసన వస్తది, అదొక్కటి చూసుకో.

అనిత_ఉప్పల్:
అందరికీ చాలా థాంక్స్. మీరు రాసినయన్నీ నోట్‌బుక్‌ల రాసుకున్న. రాత్రి మా ఆయనకు చదివి వినిపిచ్చిన, రేషన్ బియ్యం గంజి వార్చి వండితే తింట అన్నడు. అత్తమ్మ అయితే ఉలవలు పేరు వినంగనే సంబరపడ్డది, వాళ్ల ఊర్ల చేనుకాడ పండిచ్చేటోళ్లంట. పిల్లలు చిప్స్ ప్యాకెట్లకు ఏడుస్తరు, అది తెలుసు, వారానికి ఒకటి ఇస్త. ఉప్పల్ చుట్టుపక్కల పప్పులు, ఉలవలు, రాగులు కలిపి ఒక్క దగ్గర హోల్‌సేల్‌ల ఎక్కడ దొరుకుతయ్? బేగంబజార్ దాక పోవాల్నా?

సురేష్_మల్కాజిగిరి:
బేగంబజార్, ఉస్మాన్‌గంజ్‌ల రేటు తక్కువే కానీ పది కిలోలకి పోయిరావడం గిట్టుబాటు కాదు. మలక్‌పేట గంజ్ మీకు దగ్గర, మెట్రోల అమీర్‌పేటల మారి మలక్‌పేటల దిగొచ్చు, బస్సైతే ఇంకా నేరుగ. ఇంకో పని చేయండి, మీ గల్లీల ముగ్గురు నలుగురు ఆడవాళ్లు కలిసి ఒక్కో రకం పది కిలోలు, పదిహేను కిలోలు తీస్కొని ఇంటికొచ్చి పంచుకోండి, ఆటో కిరాయి గూడ పంచుకోవచ్చు. పోయేటప్పుడు పప్పు చేతిల పట్టుకొని చూడండి, దుమ్ము, పుచ్చు లేకుండ గింజ గట్టిగ ఉండాలె, మునిపంటితో కొరికితే టక్కుమని విరగాలె. మెత్తగ ఉంటే తడి ఉన్నట్టు, తెచ్చిన పది రోజులకే పురుగు.

అనిత_ఉప్పల్:
పక్కింటి ఇద్దరిని అడిగిన, వస్తమన్నరు. శనివారం పోతం. కార్జం గురించి ఒక డౌటు రమ్యగారూ, ఐదేండ్ల పిల్లకి ఎట్ల వండి పెట్టాలె, వాసన వస్తదని ఉమ్మేస్తది.

రమ్య_పోషణ:
కడిగి కాసేపు పసుపు, నిమ్మరసం వేసిన నీళ్లలో ఉంచి వంపేయండి, వాసన చాలా తగ్గుతుంది. తర్వాత అల్లం వెల్లుల్లి, మిరియాల పొడి, ఉల్లిపాయతో పొడిగా వేయించండి. ఎక్కువసేపు వేపితే రబ్బరులా అవుతుంది, అలా అని లోపల ఎర్రగా పచ్చిగా ఉండకూడదు, ముక్క కోసి చూసి రంగు మారగానే దించేయండి. పాపకి సన్నగా తరిగి పెసరట్టు మీద ఉల్లిపాయతో కలిపి చల్లండి, తినేస్తుంది.